బడి కప్పు ఎవరిది?

అమెరికాలోని నార్త్ కరోలినాలో బడి ఖర్చుకి ఇద్దరు పెద్దలు. టీచర్ల జీతాల్లాంటి రోజువారీ ఖర్చు ప్రధానంగా రాష్ట్రానిది, భవనాలు ప్రధానంగా కౌంటీవి. 1930ల మాంద్యం నాటి పంపకం ఇది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కౌంటీ డబ్బు ఎక్కువగా ఆస్తి పన్ను నుంచే వస్తుంది. ఖరీదైన ఆస్తులు లేనిచోట జనం ఎక్కువ రేటు పన్ను కట్టినా, చేతికొచ్చేది కొంచెమే.

పేద కౌంటీల బడులు, తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1997లో లియాండ్రో కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, పిల్లలందరికీ సరైన ప్రాథమిక విద్య పొందే హక్కుందని చెప్పింది. కౌంటీలన్నీ సమానంగా ఖర్చుపెట్టాలని మాత్రం అనలేదు. తర్వాత హాలిఫాక్స్ తల్లిదండ్రులు తమ కౌంటీ మీదే కేసు వేశారు. ఆ హక్కుకి పూచీ రాష్ట్రానిది, కౌంటీది కాదంటూ 2018లో అదే కోర్టు దాన్ని కొట్టేసింది.

చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ ఇద్దరూ "మా వంతు మేం చేశాం" అని నిజాయితీగా చెప్పగలిగిన రోజున కూడా బడి కప్పు కారుతూనే ఉండొచ్చు. తడిసేది ఓటు లేని పిల్లలు.

అదే రాష్ట్రంలో, కేరీ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు బడి రేటింగ్ చూసుకుని ఇల్లు కొంటారు. మంచి బడి వెతుక్కోవడం తప్పేం కాదు. కానీ "మా పన్ను మా బడికే" అంటే, గీతకి అవతల పుట్టడం ఆ పిల్లల తప్పన్నట్టే కదా?

పని పంచుకోవచ్చు, పూచీ పంచుకుని వదిలించుకోకూడదు. కౌంటీ కట్టలేనిచోట రాష్ట్రం కట్టాలి. రాష్ట్రమంటే కేరీలో ఇల్లున్నవాళ్లు కూడా.