తెర మీది చేను: ప్రత్యక్షమా, శబ్దమా?

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. గుంటూరు, ప్రకాశం రైతులు పై ముడత, కింది ముడత అనే ఈ తేడా పుస్తకంలో చదివితే ఒంటబట్టదు, అర నిమిషం వీడియోలో కళ్లకు కడుతుంది. రెండింటికీ మందులు వేరు గనుక ఇది చిన్న మేలు కాదు. అయితే అలా తెలిసినది ఏ రకం జ్ఞానం? కళ్లారా చూశాం కాబట్టి ప్రత్యక్షమే అనిపిస్తుంది. భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఒప్పుకోదు. ఇంద్రియానికి వస్తువుతో సంబంధం కలిగితేనే ప్రత్యక్షమని ఆ దర్శనానికి మూలపురుషుడైన గౌతముడి సూత్రం. తెర మీద మన కంటికి అందేది ఎవరో ఎంచి, కత్తిరించి, మాట జోడించిన బొమ్మ. అంటే అది శబ్దప్రమాణం, ఒకరి మాట. ఆ మాట ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడు, అంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడు, అయి ఉండాలని 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో షరతు పెట్టాడు. వీడియో పాఠంలోని ప్రమాదం ఇక్కడే ఉందని నా నమ్మకం. అది మాటగా వచ్చి చూపుగా చెలామణీ అవుతుంది. మాటనైతే ఎవరన్నారని నిలదీస్తాం. కళ్లతో చూశామనుకున్నదాన్ని నిలదీయాలని తోచదు.

2021-22లో ఈ మిరప చేలను కమ్మేసిన నల్ల తామర పురుగు పూతలో దాక్కుంటుంది. పువ్వును దులిపి చూడాలని వీడియో నేర్పగలదు, నేర్పాలి కూడా. నా చేలో పువ్వుకెన్ని పురుగులున్నాయో మాత్రం నా అరచేతిలో రాలితేనే తెలుస్తుంది. కళ్లద్దాలతో చూసినది ప్రత్యక్షమైతే వీడియోలో చూసినది ఎందుకు కాదని అడగవచ్చు. అద్దాలు మనం తల తిప్పినవైపు చూపిస్తాయి, వీడియో తీసినవాడు తిప్పినవైపే చూపిస్తుంది. అంతకంటే బరువైన ఆక్షేపణ బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడిది. ప్రమాణాన్ని నిలబెట్టే ప్రమాణమేదని విగ్రహవ్యావర్తనిలో ఆయన అడిగాడు. ఆప్తుణ్ణి ఆప్తుడని తేల్చేదెవరు? పురుగుమందుల కొట్టువాడి మాటా శబ్దమే కదా? నిజమే, తిరుగులేని ప్రమాణం ఎక్కడా దొరకదు. అందుకే ఎదురు ప్రశ్న వేసే వీలు పాఠంలోనే ఉండాలంటాను. ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిచేసిన డిజిటల్ గ్రీన్ సంస్థ పద్ధతిలో ఆ వీలుంది. స్థానిక రైతులే కనిపించే వీడియోను చిన్న ప్రొజెక్టర్‌తో గుంపుకు చూపిస్తారు, మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు. ఒంటరిగా ఫోనులో చూసే రైతుకు ఆ అవకాశం లేదు. కాబట్టి ప్రతి పంట వీడియో మీదా అది ఏ ఊరి చేనో, ఏ నెలలో తీశారో, మందు అమ్మేవారి డబ్బుతో తీశారో కాదో రాసి తీరాలి. అనుమానం వస్తే అడగడానికి పలికే మనిషి ఫోను నంబరు కూడా ఉండాలి.