రేపు తెలియని ప్రాణికి పథ్యం

ఇంటిల్లిపాదీ ఆరోగ్యం చక్కదిద్దుకుందామని తీర్మానించుకుని, అందులో పెంపుడు కుక్కను కూడా చేర్చుకునే ఇళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. నాన్నకి షుగరు అదుపులోకి రావాలి, అమ్మకి మోకాళ్లు తేలికపడాలి, పిల్లాడు ఫోను వదిలి బయటికి రావాలి, రాకీ ఒళ్లు తగ్గాలి. ఇది మంచి సంగతే, నాకూ సంతోషమే. కానీ ఆ నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి నా ఆలోచన ముందుకు కదలదు. మొదటి ముగ్గురూ రేపటిని తలుచుకుని ఇవాళ ఒక మాట ఇచ్చుకున్నారు. నాలుగోది ఏ మాటా ఇవ్వలేదు. రాబోయే ఏడాది కీళ్లనొప్పులు రాకూడదని ఇవాళ ఒక బిస్కెట్టు మానుకోవడం ఏ కుక్కకీ చేతకాదు. దానికున్నది ఆకలి, మనమీద నమ్మకం. ఆ రెండింటి మీదా మన లక్ష్యాన్ని మోపడానికి మనకి అధికారం ఎక్కడినుంచి వచ్చింది?

విశాఖలో మా అక్కయ్య వాళ్లింట్లో రాకీ అని ఏడేళ్ల లాబ్రడార్ ఉంది. దాని బరువు చూసి పశువుల డాక్టరు బావగారి చేతినే కొలబద్ద చేశాడు. “మీ ఎడమ చెయ్యి చాపండి. కుడిచేతి వేళ్లతో దాని వెనకవైపు, వేళ్ల మొదట్లో నిమరండి. సన్నటి చర్మం కింద ఎముకలు తెలుస్తున్నాయి కదా, ఆరోగ్యంగా ఉన్న కుక్క పక్కటెముకలు చేతికి అలా తగలాలి. ఇప్పుడు చెయ్యి తిప్పి అరచేతిని నొక్కండి. మీవాడి పక్కటెముకలు ఇలా లోపలికి దిగిపోయాయి” అన్నాడు. బావగారు ఆ వేళ్లతోనే రాకీ పక్కలు తడిమి చాలాసేపు మాట్లాడలేదట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కయ్య తన అత్తగారితో, “అత్తయ్యా, ఇకమీదట దానికి పెరుగన్నం పెట్టొద్దన్నారు డాక్టరుగారు” అంది. ఆవిడకి ఎనభై దాటాయి. చివరి ముద్ద రాకీకి పెట్టందే కంచం ముందునుంచి లేవరు. “నాకూ మామిడిపండు వద్దన్నాడుగా మీ డాక్టరు. నన్నడిగి అన్నాడా?” అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. కుక్కని అడగలేం కాబట్టి అడగం. మరి ఆవిణ్ణి?

లాబ్రడార్లు తిండి కనిపిస్తే ఆగవని పెంచుకునేవాళ్లంతా అంటుంటారు. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2016లో దీని వెనక ఒక కారణాన్ని బయటపెట్టారు. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో పీవోఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుంది. భోజనానికీ భోజనానికీ మధ్య వాటికి ఆకలి ఎక్కువగా వేస్తుంది. ఇలాంటి కుక్కలు విశ్రాంతిగా ఉన్నప్పుడు మిగతా వాటికంటే పాతిక శాతం తక్కువ శక్తి ఖర్చు చేస్తాయని 2024లో అదే బృందం తేల్చింది. అంటే ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. కంచం పక్కన కూర్చుని కళ్లల్లోకి చూసే ఆ చూపుని మనం తిండిపోతుతనం అనుకుంటాం, కొందరు నటన అంటారు. దాని ఆకలి మాత్రం నిజం. తీరని ఆకలితో పుట్టిన ప్రాణికి అన్నం తగ్గించడం సులువైన పని అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అలాగని తగ్గించవద్దనీ అనలేను. పెంపుడు జంతువుల ఆహారం చేసే ప్యూరినా కంపెనీ పరిశోధకులు 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచి పోయేదాకా గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని జతలు చేసి, జతలో ఒకదానికి పాతిక శాతం తిండి తగ్గించి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2 ఏళ్లు. కీళ్లవాతం కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. పథ్యం కుక్కకి దాదాపు రెండేళ్లు కలుపుతుందని తెలిశాక, జాలిపడి పెరుగన్నం కలిపి పెట్టడాన్ని ప్రేమ అనడం కష్టం. కాబట్టి తగ్గించాలి. కానీ ఆ రెండేళ్ల కోసం రోజూ ధర చెల్లించేది ఆ కుక్కే. తను దేనికి చెల్లిస్తోందో దానికి తెలియదు. వేరొకరి తరఫున ఇంత పెద్ద బేరం కుదుర్చుకున్నవాళ్లం, దానికి బదులు ఇవాళే ఏమిస్తున్నాం? నా ప్రశ్నంతా అక్కడుంది. రేపు తెలియని ప్రాణికి ఇచ్చేది ఏదైనా ఇవాళే అందాలి.

కుక్క ఒంట్లో ఇంటి నడవడిక కనిపిస్తుందనడానికి స్వీడన్‌లో ఒక అధ్యయనం ఉంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2020లో వచ్చింది. పెంపుడు జంతువుల బీమా లెక్కలు ముందేసుకుని రెండు లక్షలకు పైగా కుక్క-యజమాని జతల్ని చూశారు. కుక్కకి మధుమేహం ఉన్న ఇంట్లో యజమానికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం 38 శాతం ఎక్కువగా ఉంది. పిల్లుల దగ్గర అలాంటి సంబంధం కనపడలేదు. పిల్లిని ఎవరూ నడకకి తీసుకెళ్లరు కదా. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. మన దగ్గర ఇళ్లలో గ్లూకోమీటరు కొనుక్కునే రోజులివి. కదలని ఇంట్లో కుక్క కూడా కదలదు. పాపం, దానికి గుమ్మం తలుపు తీసుకోవడం రాదు.

షుగరు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. బావగారు పొద్దున్నే లేచి పొట్ట మీద చర్మం పట్టుకుని ఇన్సులిన్ వేసుకుంటారు. రాకీ మెడపట్టీ నోట కరుచుకుని ఆయన పక్కనే నిలబడి ఉంటుంది. ఆ సూదిమందు చరిత్ర కుక్కల ఒళ్ల మీదుగానే నడిచింది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. ఈ జబ్బుకీ క్లోమానికీ ఉన్న సంబంధం అలా తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం తీసేసిన కుక్కల మీదే తమ మందుని పరీక్షించారు. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి ఆ మందు ఎక్కించారు. చావు అంచున ఉన్న ఆ పిల్లవాడు ఇంకో పదమూడేళ్లు బతికాడు. ఇప్పుడు కుక్కని మన ఆరోగ్య లక్ష్యాల్లో కొత్తగా చేర్చుకుంటున్నాం అనుకోవడంలో ఎంత మరపు ఉంది! నూరేళ్లకు పైగా అది అందులోనే ఉంది. ఆ ప్రయోగాలు జరగకూడదని నేననను. ఆ కుర్రాడి తల్లి ముఖం ఊహించుకుంటే ఆ మాట నా నోట రాదు. ఆ కుక్కలకి మనం ఏమీ బాకీ లేమని అనడానికీ నోరు రాదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన తెలుగు కావ్యం మొదలయ్యేచోటికి దగ్గర్లోనే ఒక ఆడకుక్క నిలదీత ఉంది. నన్నయ భారతం ఆదిపర్వంలో జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లని అతని తమ్ముళ్లు కొడతారు. తల్లి సరమ రాజు దగ్గరికే వస్తుంది. తగునా తగదా అని చూడకుండా సాధువులకు, పేదలకు ఎగ్గు చేసేవాళ్లకి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లిపోతుంది. నన్ను పట్టుకునేది శాపం కాదు. తన బిడ్డ ఏ తప్పూ చేయలేదని చెప్పుకోవడానికి ఆ తల్లి నడిచి రావడం. నోరున్న కుక్క కాబట్టి అడిగింది. మన ఇళ్లలోవి అడగవు. తగునా తగదా అన్న విచారం మొత్తం మన మీదే పడింది.

ఆ బాకీ తీర్చుకునే చోటు వాకింగే అని నాకనిపిస్తుంది. కానీ ఆ వాకింగు ఎవరిది? పొద్దున బీచ్ రోడ్డులో చూడండి. చేతి వాచీలో పదివేల అడుగులు నిండాలి. ఆ పదివేలనే అంకె కూడా 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి పెట్టినవాళ్లు ప్రచారంలోకి తెచ్చింది. ఆ అంకె కోసం యజమాని బెల్టు లాగుతుంటాడు. కుక్క దీపస్తంభం దగ్గర కాళ్లు నిలదొక్కుకుని మెడ చాపి, ముక్కుపుటాలు అదురుతుంటే అక్కడి రాతి అంచుని వాసన చూస్తుంటుంది. రాత్రి అటుగా ఎవరెవరు వెళ్లారో దానికి అక్కడ తెలుస్తోంది. ఆ రోజంతటికీ దాని లోకం అదే. అరనిమిషం ఆగితే పోయేదేమీ లేదు. వాచీ చూసుకుని లాగేసినప్పుడు, ఆ నడకలో కుక్క ఉందే తప్ప కుక్క నడక లేదు.

వేళ సంగతీ అంతే. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది. దానికి పట్టేది అరికాళ్లలోనే. ఒంటి వేడి పోవాలంటే నాలుక చాపి రొప్పాలి. మే నెలలో మన కోస్తా ఉక్కలో ఆ రొప్పు కూడా సరిగ్గా పనిచేయదు. ఎనిమిదింటికి బద్ధకంగా బయల్దేరి తారురోడ్డు మీద దాన్ని పరిగెత్తిస్తే అది వ్యాయామం కాదు. మనం ఆపేదాకా అది ఆగదు, మనమీద నమ్మకంతో వస్తూనే ఉంటుంది. ఆ నమ్మకం వల్లే వడదెబ్బలు తగులుతున్నాయి.

కొన్ని అపార్టుమెంట్లలో కుక్కని తిప్పేది వాచ్‌మన్ కొడుకు. నెలకి ఇంత అని ఇస్తారు. పెంపుడు జంతువుల్ని లిఫ్టు ఎక్కనివ్వకుండా నిషేధించవద్దని జంతు సంక్షేమ మండలి 2015లో అపార్టుమెంటు సంఘాలకి చెప్పింది. మంచిదే, చెప్పాల్సిందే. కుక్కతోపాటు లిఫ్టులో పైకి వెళ్లే ఆ కుర్రాడు, ఒక్కడూ ఉన్నప్పుడు మెట్లెక్కాల్సి వచ్చే భవనాలు మన నగరాల్లో ఉన్నాయి. ఇంటివాళ్ల ఆరోగ్య జాబితాలో కుక్క ఉంది. రోజూ దానితో నడిచేవాడు లేడు. కుటుంబం అన్న మాటని పెద్దది చేసుకున్నామని పొంగిపోయే ముందు, ఎటువైపు పెద్దదైందో చూసుకోవాలి.

అక్కయ్య వాళ్లింట్లో తర్వాత ఆ అత్తగారిని అడిగారు. మామిడిపండు పూర్తిగా మానేయాలా, అన్నం తగ్గించి ఒక ముక్క తింటారా అని. ఆవిడ ముక్కే కోరుకున్నారు. రాకీకి పొద్దున కొలిచిన తిండిలోంచి ఒక గుప్పెడు విడిగా తీసి డబ్బాలో పెడతారు. రాత్రి భోజనమయ్యాక ఆవిడ తన చేత్తోనే పెడతారు. పెరుగన్నం కాదు, కానీ చెయ్యి అదే.

ఆవిడ తర్వాత ఇంటిల్లిపాదిలోనూ ముందు ముసలిదయ్యేది రాకీయే. ఇంకో నాలుగేళ్లకి వీధి చివరిదాకా నడిచి కూర్చుండిపోతుంది. అప్పుడు బావగారు రెండు నడకలు నడవాలి. తన షుగరు కోసం జోరుగా ఒకటి, దానితో కలిసి నెమ్మదిగా ఒకటి. ఇద్దరి మేలూ ఒకే నడకలో ఇమిడినంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ఇమడని రోజు వచ్చాక జాబితాలోంచి దాని పేరు కొట్టేస్తారా, ఆ రెండో నడకకి సమయం ఎలాగోలా మిగుల్చుకుంటారా? బావగారిని ఇప్పుడే అడిగాను. ఆలోచిస్తానన్నారు.