చండామార్కుల బడిలో పాట

(ప్రహ్లాద చరిత్ర, మూడో రోజు ప్రవచనం. అట్లాంటాలో తెలుగు కుటుంబాల సమక్షంలో చెప్పినది. రికార్డింగు నుంచి రాసుకున్నది.)

నిన్న చండామార్కుల బడి దగ్గర ఆపాం. గురువులిద్దరూ ఇంటిపనుల మీద వెళ్ళారు. దైత్యుల పిల్లలు ఆటకు లేచి ప్రహ్లాదుణ్ణీ పిలిచారు. ఆయన వాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, తల్లి కడుపులో ఉండగా నారదులవారు చెప్పగా విన్నదంతా చెప్పాడు. భక్తుడైనవాడు సిగ్గు విడిచి గొంతెత్తి పాడతాడు, ఆడతాడు అని కూడా అక్కడే చెప్పాడు.

ఈ ఘట్టాన్ని మనం గబగబా దాటేస్తాం. ఏనుగులు, పాములు, విషం, కొండకొమ్ము... స్తంభం ఎప్పుడు పగులుతుందా అని చూస్తూంటాం. నన్నడిగితే ప్రహ్లాద చరిత్రకు గుండెకాయ ఈ బడి. అంతవరకు హరినామం పలికినవాడు ఒక్కడు. ఆ ఒక్కణ్ణి చంపే పని హిరణ్యకశిపుడు భటులకు అప్పజెప్పాడు. బడి మొత్తం అదే మాట అంటోందని గురువులు వణుకుతూ వచ్చి చెప్పారు చూశారూ, అప్పుడు తానే చంపుతానని లేచాడు. ఒక్క గొంతు ఆయనకు చికాకు. గుంపు గొంతు ఆయనకు భయం.

హిరణ్యకశిపుడికి కనీసం తమ్ముణ్ణి పోగొట్టుకున్న దుఃఖం ఉంది. ఒంటి రంగు చూసి పుట్టే ద్వేషానికి ఆపాటి కారణం కూడా లేదు. మరి అలాంటి ద్వేషం ఎదురైతే ఏం చేయాలి? మీలో చాలామంది ఈ మాటే అడిగారు. స్కూల్లో పిల్లవాణ్ణి ఏదో అన్నారు, దుకాణంలో మీ దేశం పొమ్మన్నారు, అప్పుడు ప్రేమించమంటారా అని. దానికి జవాబు మీరుంటున్న ఈ రాష్ట్రంలోనే ఉంది. వినండి.

ఇక్కణ్ణించి దక్షిణంగా కారులో మూడు గంటలు వెళితే ఆల్బనీ అనే ఊరు వస్తుంది. 1961లో ఆ ఊరి బస్ స్టేషన్లో తెల్లవారు కూర్చునే చోటు వేరు, నల్లవారు కూర్చునే చోటు వేరు. ఇలా వేరు పెట్టకూడదని చట్టం చెప్పినా అక్కడ పట్టించుకోలేదు. కాలేజీ పిల్లలు వెళ్ళి కూర్చున్నారు, అరెస్టు చేశారు. మిగిలిన పిల్లలు ఊరేగింపు తీసి ఒక చర్చిలో చేరారు. అందరి గుండెల్లోనూ దడ. అక్కడ బెర్నిస్ జాన్సన్ అనే అమ్మాయి ఉంది, పందొమ్మిదేళ్ళది, పాస్టరుగారి కూతురు. పాట ఎత్తుకో అన్నారు. చిన్నప్పటినుంచి చర్చిలో పాడుతున్న పాతపాటే ఎత్తుకుంది. తలపైన గాలిలో కష్టం కనిపిస్తోందని ఉంటుంది ఆ పాటలో. ఆమె చుట్టూ చూసింది. కష్టం అనాల్సిన చోట స్వేచ్ఛ అని పాడింది. గుంపు అందుకుంది. మన ఊళ్ళో పండరి భజనలో గురువు చరణం ఎత్తుకుంటే గుంపంతా అడుగు కలిపి ఎలా అందుకుంటుందో, అలా.

ఆ తరువాత డిసెంబరు నడిమికి ఏడు వందల మందికి పైగా జైలుకెళ్ళారు. ఊరి జైలు చాలక చుట్టుపక్కల కౌంటీల జైళ్ళకు పంపారు. బెర్నిస్ కూడా వెళ్ళింది. కాలేజీ ఆమెను తీసేసింది. జైలు గదుల్లో ఒకరికొకరు కనిపించకపోయినా పాట వినిపించేది. అవతలి గోడ వెనక మనవాళ్ళున్నారని దాంతోనే తెలిసేది. మరుసటి ఏడాది మరో ముగ్గురితో కలిసి ఆమె ఫ్రీడం సింగర్స్ అనే బృందంలో చేరి, ఊరూరా తిరిగి పాడింది.

ఆ పక్కనే టెరెల్ కౌంటీ. 1962 జులైలో సాసర్ అనే చిన్న ఊళ్ళో మౌంట్ ఆలివ్ చర్చిలో ఓటు నమోదు కోసం సభ పెట్టుకున్నారు. షెరీఫ్ తన మనుషులతో లోపలికి నడిచి వచ్చాడు. మా నల్లవాళ్ళు నూరేళ్ళుగా ఎలా బతుకుతున్నారో అలాగే బతకాలన్నది ఆయన మాటల సారాంశం. పేర్లు అడిగారు, బెదిరించారు. కూర్చున్నవాళ్ళు లేచి పారిపోలేదు, కలబడలేదు. మెల్లగా కూనిరాగం మొదలై పాటగా పెరిగింది. ఆ సెప్టెంబరులో ఆ చర్చిని తగలబెట్టారు.

పాట పాడగానే తలుపులు తెరుచుకున్నాయని నేను చెప్పను. ఆల్బనీ పోరాటం ఓడిపోయిందనే ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. పౌరహక్కుల చట్టం 1964లో, ఓటు హక్కు చట్టం 1965లో వచ్చాయి. పాట చేసిన పని వేరు. మనిషిలో వణుకు తీసేసింది. వణుకుతున్నవాడు ప్రేమించలేడండీ. వాడు లొంగిపోతాడు, లేకపోతే తిరగబడి కొడతాడు. ప్రహ్లాదుడు ఈ రెండూ చేయలేదు. నిండు సభలో తండ్రి ముఖం మీదే నిజం చెప్పాడు, తండ్రిని ఒక్క దుర్భాష ఆడలేదు. ఆ స్థితికి చేరడానికి మనబోటివాళ్ళకు తోడు కావాలి, తోడుగా పాడే గొంతులు కావాలి.

ఇందులో మన దేశానికీ కాస్త పాత్ర ఉంది. 1936 ఫిబ్రవరిలో హోవర్డ్ థుర్మన్ అనే నల్లజాతి ఆచార్యుడు, ఆయన భార్య సూ బెయిలీ థుర్మన్ గుజరాత్‌లోని బార్డోలీకి వెళ్ళి గాంధీగారిని కలిశారు. వాళ్ళు అడగడానికి వచ్చారు గాని ముందు అడిగింది గాంధీగారే. బానిసత్వం గురించి, ఓటు గురించి, గుంపులు కూడి మనుషుల్ని చెట్టుకు ఉరితీయడం గురించి అడిగారు. చివర్లో ఒక పాట పాడమన్నారు. ఆమె ఏసుక్రీస్తును సిలువ వేసినప్పటి పాట పాడింది, చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని విన్నారు. కల్తీలేని అహింసా సందేశం బహుశా మీ జాతి ద్వారానే లోకానికి అందుతుందేమో అన్నారు గాంధీగారు. తరువాత దాదాపు ఇరవై ఏళ్ళకు జేమ్స్ లాసన్ అనే యువకుడు నాగపూరులో మూడేళ్ళు ఉండి, సత్యాగ్రహాన్ని చదువుకుని, వెళ్ళి నాష్‌విల్‌లో విద్యార్థులకు నేర్పాడు. దెబ్బ పడుతున్నా చేయి ఎత్తకుండా ఉండటం వాళ్ళు గదుల్లో కూర్చుని సాధన చేశారు. ప్రేమకు అభ్యాసం కావాలని తెలిసినవాళ్ళు వాళ్ళు.

చార్లెస్టన్ సంగతి మీకందరికీ తెలుసు. 2015 జూన్ 17, ఇమాన్యుయేల్ అనే నల్లవారి చర్చిలో బైబిలు పఠనం. ఎవరో కొత్త తెల్ల కుర్రవాడు వస్తే పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నారు. అతడు తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. రెండు రోజులకు కోర్టులో, చనిపోయినవారి బంధువులు కొందరు అతడితోనే క్షమించామన్నారు. అందరూ అనలేదు. అనలేకపోయినవాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు, వాళ్ళను ఈ సభలో నేను తక్కువ చేయను. ఆ ఆదివారమే చర్చి తలుపులు తీశారు, పాడారు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో మన తెలుగు ఇంజనీరును ఒకడు మా దేశం నుంచి పొమ్మని అరిచి కాల్చేశాడు. అడ్డుపడబోయి తూటా తిన్నవాడు ఒక తెల్లవాడు. పోయినాయన భార్య ఈ దేశంలోనే ఉండి, వలస వచ్చినవారిని, ఇక్కడివారిని దగ్గర చేసే పని ఎత్తుకుంది. ఆ తల్లికి నా నమస్కారం.

ఇప్పుడు ఒక కఠినమైన మాట అంటాను, పెద్దవాణ్ణి కాబట్టి. మనల్ని ఎవరో అన్నారని బాధపడుతున్నాం. ఇంట్లో, కారులో, నల్లవారి గురించి మనం వాడే మాట ఒకటుంది. అది నా నోటితో ఈ పీఠం మీద పలకను. పిల్లలు వింటున్నారు. సంబంధాలు చూసేటప్పుడు పిల్ల తెలుపా, చామనఛాయా అని అడుగుతున్నాం. రాముడు నల్లనివాడు, కృష్ణుడు నల్లనివాడు, ద్రౌపదీ నల్లనిదే. దేవుడి గదిలో దణ్ణం పెట్టి హాల్లోకి వచ్చి రంగు బేరం ఆడుతున్నాం. బ్రహ్మమొకటే అని అన్నమయ్య రాజు నిద్రనూ బంటు నిద్రనూ ఒక్కటి చేస్తే, మన పిల్లలు ఆ కీర్తన వేదికల మీద చక్కగా పాడుతున్నారు, మనం చప్పట్లు కొడుతున్నాం. కులం పేరు చెప్పి సంఘాలు మాత్రం వేరువేరుగా పెట్టుకుంటున్నాం, సముద్రం దాటి వచ్చి కూడా. ఆల్బనీ వాళ్ళ పాట మనకు ధైర్యం ఇవ్వాలంటే ముందు ఈ లెక్క తేల్చుకోవాలి.

సరే, కథలోకి. స్తంభం పగిలింది, హిరణ్యకశిపుడు పడ్డాడు, దేవతలెవరూ దగ్గరకు వెళ్ళలేకపోతే పిల్లవాడు వెళ్ళాడు. స్వామి శాంతించి వరం కోరుకోమన్నాడు. ప్రహ్లాదుడు ముందు తన మనసులో కోరికలే మొలవకూడదన్నాడు. ఆ తరువాత అడిగింది తండ్రి కోసం. నిన్ను తిట్టాడు, నన్ను హింసించాడు, ఆ పాపం నుంచి ఆయన్ను పవిత్రుణ్ణి చేయమన్నాడు. విషం పెట్టించిన తండ్రి కోసమండీ! స్వామి ఇరవై ఒక్క తరాలవారు పవిత్రులయ్యారన్నాడు.

దేవస్థానం కమిటీవారితో మాట్లాడాను. వచ్చే శనివారం ఈ వీధి చివర చర్చివారు ఇక్కడికి వస్తున్నారు. వాళ్ళు రెండు పాటలు నేర్పుతారు, మన పిల్లలు అన్నమయ్యది ఒకటి నేర్పుతారు. తాళాలు, డోలక్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. భోజనాలకు పులిహోర, దద్దోజనం ఎవరెవరు చేస్తారో వంటశాల దగ్గర పేర్లివ్వండి. రేపు సాయంత్రం అష్టమ స్కంధం, గజేంద్రమోక్షం మొదలుపెడదాం.