పల్లీలు ఏరేసిన పులిహోర

మా అమ్మాయికి ఆరేళ్లు. పల్లీలు పడవు. "పడవు" అనేది చాలా మెత్తటి మాట. వంకాయ పడదు, చల్లగాలి పడదు అన్నట్టే వినిపిస్తుంది. రెండేళ్లప్పుడు ఇడ్లీతో చెంచాడు చట్నీ తిని, పది నిమిషాల్లో పెదాలు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరందక ఆస్పత్రికి చేరింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు.

మన వంటల్లో పల్లీ ఎక్కడెక్కడ దాక్కుంటుందో అప్పటిదాకా నేను లెక్కపెట్టలేదు. చట్నీ, పులిహోర తాలింపు, గుత్తివంకాయలో కూరే మసాలా, మిర్చీ కా సాలన్, పల్లీపట్టీ, పకోడీలు వేయించే నూనె... వీటన్నిటికీ వద్దు అనడం నేర్చుకున్నాను. నాకు కష్టమైంది గింజకు వద్దనడం కాదు, పెట్టే చేతికి వద్దనడం.

మా నానమ్మ మడి కట్టుకునేది. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఎవరైనా ప్రేమగా స్వీట్లు తెస్తే నవ్వుతూ అందుకుని, వాళ్లు వీధి మలుపు తిరగ్గానే పనిమనిషికి ఇచ్చేసేది. కాలేజీలో చేరాక నా మొదటి తిరుగుబాటు అందరి డబ్బాల్లోనూ చెయ్యి పెట్టి తినడమే. అంతకు మించి ఏ విప్లవమూ చేయలేదనుకోండి. ఇప్పుడు నా వంటింట్లో పాప మూకుడు వేరు, గరిటె వేరు, గిన్నెలు తోమే పీచు కూడా వేరు. బయటి తినుబండారాలు గట్టు మీద పెట్టనివ్వను. "మీ నానమ్మ తిరిగొచ్చింది" అంటాడు మా ఆయన. నవ్వుతాను గానీ ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

పోయిన దసరాకి ఉప్పల్‌లో ఉండే నా స్నేహితురాలింటికి వెళ్లాం. వాళ్లది సూర్యాపేట దగ్గర ఒక పల్లె, దళిత కుటుంబం. వాళ్లమ్మ చిన్నప్పుడు ఊరి హోటల్లో టీకి వాళ్ల గ్లాసు వేరే ఉండేదట. తాగి, కడిగి, బయట బోర్లించి రావాలి. ఆమె నాకెప్పుడూ చెప్పలేదు, స్నేహితురాలే చెప్పింది. ముందురోజు ఫోన్లో "పాపకి పల్లీలు పడవమ్మా" అన్నాను. అంతే అన్నాను. నూనె సంగతి, గరిటె సంగతి ఎత్తలేదు. తీరా వెళితే ఆమె పులిహోర గిన్నె మూత తీసి, "పొల్ల కోసం పల్లీలన్నీ ఏరేసిన బిడ్డా" అంది.

ఏరేస్తే పోదు. పల్లీ వేగిన నూనె అన్నమంతా పట్టి ఉంటుంది. అది నాకు తెలుసు. నా బ్యాగులో పాప డబ్బా ఉంది. కానీ ఆ ఇంట్లో, ఆమె కళ్ల ముందు, మా ఇంటి అన్నం డబ్బా మూత తీయడానికి నా చెయ్యి రాలేదు. రెండు ముద్దలు తిననిచ్చాను.

ముందు దగ్గు, తర్వాత వాంతి, గొంతులో కూత. ఆటో ఇంజెక్టర్ మాకు దొరక్కపోతే డాక్టరు అడ్రినలిన్ యాంప్యూలు, సిరంజి ఇచ్చి, పాప బరువుకి ఎంత ఎక్కించాలో గీత గీసి నేర్పారు. తొడ పక్క కండలోకి పొడిచాను. "సిట్రజిన్ వేసి చూద్దాం" అన్నారెవరో. దానితో దద్దుర్లు తగ్గుతాయేమో గానీ మూసుకుపోతున్న ఊపిరి తెరుచుకోదు. ఆ రాత్రంతా ఆస్పత్రిలోనే ఉన్నాం. ఇంతకీ నేను చేసిందేమిటి? నేను మా నానమ్మలాంటిదాన్ని కాదని రుజువు చేసుకోవడానికి నా కూతురి ఒంటిని జామీను పెట్టాను.

"కొద్దికొద్దిగా పెడితే అదే అలవాటవుతుంది" అనే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. షార్ల్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కూడా దాదాపు అలాగే అనుకున్నాడు. సముద్రజీవి విషాన్ని కుక్కలకు కాస్త కాస్త ఎక్కించి చూస్తే, తట్టుకోవడం నేర్చుకోవలసినవి రెండోసారి చాలా చిన్న మోతాదుకే చచ్చిపోయాయి. గ్రీకులో రక్షణ అనే మాటకు ఎదురుమాట కట్టి 1902లో దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టాడు. పల్లీని కొలిచి కొద్దికొద్దిగా అలవాటు చేసే వైద్యం ఇప్పుడు ఉంది. అది నిపుణుల కనుసన్నల్లో జరిగే పని, పండగపూట పంక్తిలో కాదు.

మడి మనిషిని చూసి వద్దంటుంది, నేను గింజను చూసి వద్దంటాను. తేడా స్పష్టంగానే ఉంది. కానీ ఆ తేడా ఉన్నది నా బుర్రలో. ఆమె ఎదురుగా కనిపించేది మాత్రం ముట్టని గిన్నె. ప్యాకెట్లతో ఈ గొడవ లేదు. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనల ప్రకారం పల్లీలుంటే ఉన్నాయని ప్యాకెట్ మీద రాయాలి. వెనక్కి తిప్పి చదివి షెల్ఫులో పెట్టేస్తాం, ప్యాకెట్ నొచ్చుకోదు. మనిషిని అలా తిప్పి చదవడం ఎలా? ఆమె పాత గాయాన్ని నా ఇరకాటానికి ఉపమానంగా వాడుకుంటున్నానేమో అని ఇది రాస్తున్నప్పుడు కూడా అనిపిస్తోంది.

మూడో రోజు ఆమే ఫోన్ చేసింది. పాప ఎలా ఉందో అడిగింది. కాసేపాగి, "ముందుగాల్నే ఎందుకు చెప్పలే బిడ్డా? చెప్తే నాకు సమజ్ కాదనుకున్నవా?" అంది.

అవమానిస్తానేమోనని భయపడి నేను దాచిందే ఆమెకు అవమానమైంది. నిజం తట్టుకోలేని మనిషని ఆమె తరఫున నేనే తీర్మానించేశాను. నానమ్మ కనీసం బాహాటంగా మడి కట్టుకునేది.

సంక్రాంతికి మళ్లీ పిలిచింది. వెళ్లగానే వంటింట్లోకి తీసుకుపోయి డబ్బాలన్నీ దించింది. "చూసుకో" అంది. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ కొత్తది, సీలు తీయలేదు. మూకుడు కూడా కొత్తదే, అంగడి స్టిక్కరు మరక అంచున ఇంకా ఉంది. ఒక్కోటి చేతిలోకి తీసుకుని చదువుతుంటే నా మొహం వేడెక్కింది. పక్కన నిలబడి ఆమె నవ్వింది. "మీవాళ్లల్ల మా పొయ్యి దాక వచ్చింది నువ్వే ఫస్టు. గదీ తనిఖీకొచ్చినవ్."

వడ్డిస్తుంటే పాపే అడిగింది. "అమ్మమ్మా, ఇందులో పల్లీలున్నాయా?"

"లెవ్వు బిడ్డా."

"నూనెలో?"

"నూనెల గూడ లెవ్వు."

పాప తినడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. బ్యాగు జిప్పు మాత్రం తీసే ఉంచాను.