గాలం వేసేచోట గురువు ఒక్కడే చాలు

నాయనా,

ఏప్రిల్లో నువ్వూ కోడలు పిల్లా హిమాచల్‌లోని తీర్థన్ లోయకు పోతున్నారనీ, ఒకరోజు గైడును పెట్టుకుని ట్రౌట్ చేపలకు గాలం వేస్తారనీ మీ అమ్మ చెప్పింది. మన సోగత్తూరులో ఈ కబురు విన్నవాళ్ళంతా నవ్వారు. పెన్నాగరం మీదుగా బస్సెక్కితే హొగెనకల్‌కు పోయి పొద్దుగూకేలోపు తిరిగి రావచ్చు కదా, చేప కోసం మంచుకొండలదాకా ఎందుకని వాళ్ళ ప్రశ్న. నాకు నవ్వు రాలేదు. పాత సంగతొకటి గుర్తొచ్చింది.

పెళ్ళైన మూడో ఏడు మీ తాతతో హొగెనకల్ పోయాను. ఆయనకు చిన్నప్పటినుంచీ గాలం అలవాటు. నాకు చేప అంటే చట్టిలో ఉడికేదే. వెదురుకర్ర నా చేతికిచ్చి పక్కనే నిలబడ్డారు. "అట్లా కాదు, పైకెత్తు. ఇప్పుడు కాదు, ఆగు. అయ్యో, లాగొద్దన్నానా!" పొద్దు నడినెత్తికొచ్చేసరికి కర్రను ఒడ్డున పడేసి బండమీద కూర్చున్నాను. తిరుగుబస్సులో పెన్నాగరం దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆరోజు ఆయన ఎన్ని చేపలు పట్టారో గుర్తులేదు గానీ, ఆ "అట్లా కాదు" మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

నెలరోజులుగా నువ్వు రాత్రిపూట గాలం వీడియోలు చూస్తున్నావట. చూడు, తప్పులేదు. చూసిందంతా తీర్థన్ ఒడ్డుకు మాత్రం మోసుకుపోకు. "అట్లా కాదు" అనే మాట అక్కడ గైడుదే. డబ్బిచ్చి పెట్టుకుంటున్నది అందుకే. మీ ఇద్దరికీ ఏమీ రాదని ముందురోజే అతనితో చెప్పు. "నాకు కొంచెం తెలుసు, ఈవిడకే కొత్త" అన్నావో, ఆ పూట చెడినట్టే. మొదటి అరగంట కోడలికి నేర్పమను, నువ్వు దూరంగా కూర్చో. తర్వాత నీ వంతు. చేపలశాఖ వాళ్ళ లైసెన్సు ఇద్దరి పేరునా తీసుకో. ఆమెను నీ సంచి మోసే మనిషిగా తీసుకుపోవడం లేదు కదా.

బడిలో పాఠాలు చెప్పిన నోరు, ఊరుకోదు. ఈ ట్రౌట్ మన దేశపు చేప కాదు, దొరల వెంట వచ్చింది. 1899లో కాశ్మీరుకు తెచ్చిన గుడ్లు దారిలోనే పాడైపోయాయి. మరుసటి ఏడు స్కాట్లాండు నుంచి వచ్చినవి బతికాయి. ఆ సంతతే 1909లో కులూ వైపు చేరింది. మన దిక్కున నీలగిరుల్లో ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు 1863లోనే పూనుకున్నాడు గానీ ఫలించలేదు. 1907లో విల్సన్ అనే ఆయన అవలాంచి దగ్గర పొదిగే కేంద్రం పెట్టాకే ట్రౌట్ అక్కడ నిలదొక్కుకుంది. మొదటి గంటలో ఏమీ పడలేదని మూతి ముడుచుకునే ముందు ఆ పాడైపోయిన గుడ్లను ఒకసారి తలుచుకో.

మన చెరువులో జిలేబి చేపకు వానపాము గుచ్చి, బెండు తేలేసి, చెట్టుకింద కూర్చుంటే సరిపోతుంది. ట్రౌట్ దగ్గర ఆ ఆట సాగదు. దానికి చల్లని, గలగల పారే నీళ్ళే కావాలి. ఏటికి ఎదురుగా ముఖం పెట్టి, ప్రవాహం తెచ్చే పురుగు కోసం కాచుకుని ఉంటుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి నువ్వు దాన్ని చూసేలోపే అది నిన్ను చూస్తుంది. అందుకే దిగువనుంచి, దాని వెనకవైపునుంచి, వంగి నడవాలి. నీడ నీళ్ళమీద పడకూడదు. ఒడ్డున మాట్లాడుకునే మాటలు దానికి పెద్దగా అందవు గానీ అడుగుల అదురు తెలిసిపోతుంది. కోడలితో ఎంతైనా మాట్లాడు, బండమీదనుంచి బండమీదికి దూకకు.

గైడు మీకు రీలు కర్రతో లోహపు రేకు ఎర నేర్పుతాడో, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను విసరడం నేర్పుతాడో అడిగి తెలుసుకో. మొదటిది కొత్తవాళ్ళకు తొందరగా పట్టుబడుతుంది. రెండోదాంట్లో ఈగకు బరువుండదు, దాన్ని మోసుకుపోయేది దారం బరువే. కర్రను వెనక్కి ఎత్తాక దారం వెనకాల పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. నీలాంటి తొందరమనిషికి ఆ చిన్న ఆగడమే కష్టం. వెనక్కి పోయిన గాలం ఎవరి చెవిలో గుచ్చుకుంటుందో చెప్పలేం, కాబట్టి కర్రలు రెండూ తగలనంత ఎడంగా నిలబడండి. టోపీ, కళ్ళద్దాలు ఇద్దరికీ ఉండాలి. కొత్తజంట కదా అని అతుక్కుని నిలబడే చోటు కాదది.

నీళ్ళలోకి దిగాల్సి వస్తే మోకాలు దాటొద్దు. నాచుపట్టిన గులకరాళ్ళు నూనె రాసినట్టుంటాయి. ఏరు దాటేటప్పుడు మాత్రం ఒకరి భుజం ఒకరు గట్టిగా పట్టుకోండి, బలమున్నవాళ్ళు ఎగువవైపు ఉండండి, పాదం ఎత్తకుండా జరుపుకుంటూ పోండి. కర్ణాటక ఆనకట్టలు తెరిచినప్పుడు హొగెనకల్‌లో కావేరి ఎట్లా పొంగుతుందో, పుట్టీలన్నీ ఒడ్డుకెట్లా ఎక్కుతాయో చూసి పెరిగినవాడివి. కొండ ఏరు అంతకన్నా తొందరమనిషి. ఎండ ముదిరితే మంచు కరుగుతుంది, పైన వాన పడితే ఇక్కడ ఎండలోనే నీరు పెరుగుతుంది. రంగు మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, చేప గాలానికి ఉన్నా సరే, గైడు రమ్మంటే బయటికి వచ్చేయ్.

కోడలమ్మా, ఇది నీకు. "ఓర్చినమ్మకు తేటనీరు" అని మమ్మల్ని పెంచారు. అత్తింట్లో ఆ సామెత ఎవరికి లాభించిందో నాకు తెలుసు. ఏటి దగ్గర మాత్రం ఒప్పుకుంటాను. బురద కదిలిన చోట కాసేపు కదలకుండా ఉంటే నీరు తేరుకుంటుంది, చేపా తిరిగొస్తుంది. కాళ్ళు చలికి కొయ్యబారుతుంటే మాత్రం ఓర్చుకోవద్దు. "పర్లేదు" అనకుండా ఒడ్డుకొచ్చి, ఫ్లాస్కులో టీ తాగు. నీకు చేప పడి వాడికి పడకపోతే, సాయంత్రందాకా ఏమీ అనకు. రాత్రి భోజనాల దగ్గర నీ ఇష్టం.

చేప పడితే ముందు చేతులు తడుపుకోండి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు ఊడిపోతుంది, తర్వాత రోగాలు పట్టుకుంటాయి. గాలం మొనకున్న ముల్లును పటకారుతో ముందే నొక్కేయమనండి, తీయడం సులువవుతుంది. ఫోటోకోసం గాలిలో ఊపిరాడకుండా ఉంచొద్దు, నీళ్ళలోనే ఉంచి తీసుకుని వదిలేయండి. మన హొగెనకల్‌లో చేప తెచ్చిస్తే మసాలా పట్టించి అక్కడికక్కడే వేయించి పెట్టే ఆడవాళ్ళున్నారు, ఆ రుచి తెలిసినవాడికి వదిలేయమంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ లోయలో ట్రౌట్‌ను తొట్లలో పెంచేవాళ్ళు ఉన్నారు, తినడానికి అది కొనుక్కోండి. నవంబరు నుంచి ఫిబ్రవరిదాకా అక్కడ గాలం వేయనివ్వరు, గుడ్లు పెట్టే కాలం. మీరు ఏప్రిల్ ఎంచుకున్నారు, బాగుంది.

మీ తాత సంగతి సగంలో వదిలేశాను. మరుసటి ఏడు మళ్ళీ హొగెనకల్ పోదామంటే నేను రానన్నాను. ఎంతో బతిమాలి తీసుకుపోయారు. ఒడ్డుకు చేరగానే పుట్టి నడిపే పెద్దాయన్ని పిలిచి, "ఈమెకు మీరు నేర్పండి" అని చెప్పి, తను పిలుపందనంత దూరాన బండమీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకున్నారు. మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు. మధ్యాహ్నానికి నాకు అరచేతంత జిలేబి పడింది. వేయించిన ఆవిడ దాన్ని రెండు ముక్కలు చేసి ఆకులో పెట్టిచ్చింది. పెద్దముక్క ఆయనే తిన్నారు.

మీ అవ్వ