సిమ్ అదే, సిగ్నల్ వేరు

సికింద్రాబాద్ స్టేషన్ పక్కనున్న రెజిమెంటల్ బజార్‌లో ఇప్పుడు రెజిమెంటు లేదు. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంట్‌లో తెల్లదొరల పటాలాలు దిగాయి, వాటి వెంట బజార్లు పుట్టాయి. తర్వాత పటాలం వెళ్ళిపోయింది, నిజాం పాలన పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 1960లో సికింద్రాబాద్ మునిసిపాలిటీ హైదరాబాద్‌లో కలిసిపోయింది, 2007లో జీహెచ్ఎంసీ అయింది, 2014లో తెలంగాణ ఏర్పడింది. ఇంటిపన్ను రసీదు మీద పేరు ఎన్నిసార్లు మారినా ఇల్లు కదల్లేదు. ఇంట్లోవాళ్ళు వేరే ఊరికి వచ్చేశామనీ అనుకోలేదు.

సెల్‌ఫోన్ వచ్చాక ఇదే తమాషా వాళ్ళ జేబుల్లో జరిగింది.

ఈ బజార్లో 2009లో యూనినార్ సిమ్ కొనుక్కున్న ఒక మనిషిని ఊహించుకుందాం. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దు చేసింది. యూనినార్‌వి 22కి 22 ఆ దెబ్బకు ఎగిరిపోయాయి. అదే ఏడాది నవంబరు వేలంలో యూనినార్ వెనకున్న నార్వే కంపెనీ టెలినార్ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు సర్కిళ్ళలో మళ్ళీ స్పెక్ట్రమ్ కొనుక్కుని, కొత్త కంపెనీ పెట్టి పాత చందాదారులను అందులోకి మార్చింది. 2015లో యూనినార్ బోర్డు దింపి టెలినార్ బోర్డు ఎక్కించారు. 2017 ఫిబ్రవరిలో ఎయిర్‌టెల్ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది. 2018 మే 14న ఆ వ్యవహారం పూర్తయింది. లైసెన్సు, కంపెనీ, పేరు, యజమాని, చివరికి టవరు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మారిపోయాయి. మన మనిషికి మాత్రం పెళ్ళి పిలుపులు, అప్పుల వాళ్ళ ఫోన్లు అదే నంబరుకు వస్తూనే ఉన్నాయి.

ఆయనొక్కడికే కాదు. హైదరాబాద్‌లో తొలి రోజుల్లో జేటీ మొబైల్ కనెక్షన్ తీసుకున్నవాళ్ళు ఎయిర్‌టెల్ చందాదారులయ్యారు. టాటా సెల్యులార్ తీసుకున్నవాళ్ళు ఐడియాలోకి, 2018 ఆగస్టు 31న వొడాఫోన్ ఐడియాలోకి, 2020లో ‘వీ’ అనే కొత్త పేరులోకి చేరారు. సెకనుకు పైసా లెక్కతో ఊపు ఊపిన టాటా డొకోమో సంగతి మరీ విచిత్రం. 2017 అక్టోబరు 12న ఎయిర్‌టెల్‌కు అప్పగింత ప్రకటన వచ్చింది, విలీనం అధికారికంగా పూర్తయింది 2019 జులై 1న. మధ్య కాలంలో ఒకే సర్కిల్ లోపల రోమింగ్ అనే ఏర్పాటు కింద, టాటా సిమ్ ఉన్న ఫోన్ ఎయిర్‌టెల్ టవరు పట్టుకుని మాట్లాడింది. బిల్లు టాటాది, గాలి ఎయిర్‌టెల్‌ది.

మరి కింద ఉన్నదంతా మారిపోయాక ఆ కనెక్షన్‌ను పాతదే అనడానికి ఆధారమేమిటి? టెలికాం ఇంజనీరు ఈ ప్రశ్నకు నవ్వుతాడు. తత్త్వవేత్తలు మాత్రం రెండు వేల ఏళ్ళుగా దీని మీదే కొట్టుకుంటున్నారు.

ముందు ఇంజనీరు మాటే విందాం. నంబరు సిమ్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. సిమ్‌లో నెట్‌వర్క్ చూసేది 15 అంకెల మరో గుర్తింపు సంఖ్యను. మన దేశపు సిమ్‌లకు అది 404తోనో 405తోనో మొదలవుతుంది. దానికి తోడు బయటికి చెప్పని ఒక రహస్య తాళం ఉంటుంది. మనం పది మందికీ ఇచ్చే పది అంకెల నంబరు కంపెనీ రిజిస్టర్లో ఆ గుర్తింపు సంఖ్యకు ఎదురుగా రాసి ఉంటుంది. సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నా పాత నంబరే మోగడం అందుకే. కొత్త సిమ్ గుర్తింపును పాత నంబరు పక్కన రాస్తారు, అంతే. అంటే నంబరు ఫోన్‌లోనో, టవర్లోనో కూర్చుని లేదు. ఎక్కడో ఒక వరుసలో ఉంది. ఆ వరుసను ఇంకో కంపెనీ రిజిస్టర్లోకి ఎక్కించనూ వచ్చు.

ఇక తత్త్వవేత్తల మాట. పాళీ గ్రంథం మిలిందపన్హలో యవన రాజు మిలిందుడికి భిక్షువు నాగసేనుడు చెప్పిన రథం సంగతి చాలామందికి తెలుసు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, కాడి రథం కాదు, అన్నీ కలిసినప్పుడు వాడుకగా పెట్టిన పేరు రథం. అయితే ఆ పుస్తకంలో ఇంతకన్నా పదునైన ఉదాహరణలున్నాయి, చిత్రంగా అవన్నీ పంచాయితీ తగాదాలే. ఒకడు పక్కవాడి తోటలో మామిడిపళ్ళు దొంగిలించి దొరికిపోతాడు. ‘నువ్వు నాటిన మామిడి వేరు, నేను కోసిన మామిడి వేరు’ అని వాదిస్తాడు. ఇంకొకడు మేడమీద దీపం వెలుగులో అన్నం తింటుండగా కప్పు అంటుకుని ఊరంతా తగలబడుతుంది. ‘నేను అన్నం తిన్న మంట వేరు, ఊరిని కాల్చిన మంట వేరు’ అంటాడు. మూడోవాడు పాలు కొని కుండ గొల్లవాడి దగ్గరే వదిలి, మర్నాడొచ్చి, పెరుగు చూసి ‘నా పాలు నాకిచ్చెయ్’ అని జుట్టు పట్టుకుంటాడు. ఎవరిది తప్పని నాగసేనుడు అడుగుతాడు. మూడుసార్లూ రాజు తడుముకోకుండా తీర్పు చెబుతాడు.

ఇక్కడే నాగసేనుడి తెలివి కనిపిస్తుంది. అదే వస్తువా, వేరే వస్తువా అన్న ప్రశ్నను ఆయన పక్కన పెట్టేశాడు. దీన్నుంచి అది వచ్చిందా, దీని బాకీ దాని మీద పడుతుందా అన్నదే అడిగాడు. పాలు పెరుగైనా గొల్లవాడు ఎగ్గొట్టినట్టు కాదు; పండు వేరైనా దొంగ బయటపడ్డట్టు కాదు.

ఈ ఆలోచన తెలుగు నేలకు కొత్తేమీ కాదు. ఏ వస్తువుకూ తనంత తానుగా నిలిచే స్వభావం లేదని, ప్రతిదీ మరికొన్నిటిని ఆనుకుని ఉందని వాదించిన ఆచార్య నాగార్జునుణ్ణి మన సంప్రదాయం శ్రీపర్వతంతో, శాతవాహన రాజుతో ముడిపెడుతుంది. ఆయన పేరు మోస్తున్న నాగార్జునకొండ కూడా ఆయన వాదానికి సాక్ష్యంగా మిగిలింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక, మునిగిపోబోయే లోయలోని ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. ఇప్పుడు లాంచీ దిగి కొండెక్కినవాళ్ళు అలా మళ్ళీ కట్టిన స్తూపాన్ని చూసి నకలు అనుకోరు.

వేదాంతి ఇంత తేలిగ్గా వదలడు. ‘అప్పుడు అక్కడ చూసిన దేవదత్తుడే ఇప్పుడు ఇక్కడ ఉన్నవాడు’ అన్నది అతని పాత ఉదాహరణ. అక్కడ, ఇక్కడ, అప్పుడు, ఇప్పుడు అన్నవాటిని తీసేస్తే మిగిలే దేవదత్తుడొకడు నిజంగా ఉన్నాడంటాడు. స్థూల శరీరం రాలిపోతుంది, కర్మవాసనలు మోసే సూక్ష్మ శరీరం మరో దేహంలోకి వెళుతుంది, ఆత్మకు ఏ మార్పూ లేదు. టాటా డొకోమో చందాదారుకు ఈ లెక్క బాగానే కుదురుతుంది. ముందు టవరు మారింది, అది స్థూలం. రెండేళ్ళ లోపు బ్యాలెన్సు, బాకీ, ప్లాను మోసే రిజిస్టరు వరుస కూడా ఎయిర్‌టెల్‌కు వెళ్ళింది, అది సూక్ష్మం. ఆత్మ దగ్గరికొచ్చేసరికి లెక్క తెగిపోతుంది. అద్వైతి చెప్పే ఆత్మకు బ్యాలెన్సూ ఉండదు, వ్యాలిడిటీ తేదీ ఉండదు.

నాగసేనుడి కొలతకు ఇంకొకటి జోడించకపోతే అన్యాయం జరుగుతుంది. అది తెలియాలంటే వరూధిని దగ్గరికి వెళ్ళాలి.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు వరూధినిని కాదని అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. అంతకుముందు ఆమె తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుడి వేషంలో వస్తాడు. అదే ముఖం, అదే గొంతు, అదే పేరు. వరూధిని దృష్టిలో ఏమీ మారలేదు. ఆమె కోరుకున్న మనిషే వచ్చాడు. అయినా చదివినవాళ్ళకు గంధర్వుడి పని మోసమనే అనిపిస్తుంది. వేషం సరిపోలేదని కాదు, సరిగ్గా సరిపోయిందని. ఆమెకు చెప్పి ఉంటే ఒప్పుకునేదా, లేదా అన్నది అడిగే అవకాశమే ఆమెకు లేకుండా చేశాడని.

కనుక కింద ఉన్నదాన్ని మార్చేవాడు రెండు పనులు చెయ్యాలి: బాకీలు మొయ్యాలి, చెప్పి చెయ్యాలి. దీనికి మన గుళ్ళలో శతాబ్దాలుగా ఒక పద్ధతి ఉంది. గర్భాలయంలో మరమ్మతు చెయ్యాలంటే అర్చకులు కళాకర్షణ చేస్తారు. మూలమూర్తిలోని దివ్యకళను కలశంలోని నీటిలోకి ఆవాహన చేసి తాత్కాలిక గుడి అయిన బాలాలయానికి తీసుకెళతారు. పని పూర్తయ్యాక తిరిగి మూర్తిలోకి చేరుస్తారు. దొంగచాటు వ్యవహారం ఏమీ ఉండదు. ముహూర్తం ముందే చెబుతారు. ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ ఊరు, ఎందుకోసం అన్నది సంకల్పంలో పలికి మరీ మొదలుపెడతారు.

వొడాఫోన్, ఐడియా కలిసిన నెలలోనే, 2018 ఆగస్టులో, తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం జరిగింది. ఆ రోజుల్లో దర్శనం పూర్తిగా ఆపేస్తామని టీటీడీ మొదట ప్రకటించింది. భక్తులు భగ్గుమన్నారు. నిర్ణయం వెనక్కి తీసుకుని, పరిమితంగానైనా దర్శనానికి పంపించాల్సి వచ్చింది. దేవుడు బాలాలయంలో ఉన్నాడని చెబితే నమ్మడానికి భక్తులకు అభ్యంతరం లేదు. తలుపులు వేసి నమ్మమంటేనే ఒప్పుకోలేదు. యాదాద్రిలో అయితే బాలాలయం 2016 నుంచి 2022 మార్చి 28న ప్రధానాలయం తెరిచేదాకా నడిచింది. అన్నేళ్ళూ అక్కడ తీర్చిన మొక్కు తీరినట్టే లెక్క. కొత్త గుడి తెరిచాక మళ్ళీ తీర్చమని ఎవరూ అడగలేదు.

రెజిమెంటల్ బజార్‌కు దగ్గర్లోనే, జనరల్ బజార్‌లో, ఉజ్జయిని మహంకాళి గుడి ఉంది. 1813లో పటాలంతో పాటు ఉజ్జయిని వెళ్ళిన సురిటి అప్పయ్య, ఇక్కడ కలరా తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో కొయ్య విగ్రహం పెట్టాడని ఆలయ చరిత్ర. 1964లో కొయ్య విగ్రహం స్థానంలో ఇప్పటి విగ్రహం వచ్చింది. ఈ గుడి లష్కర్ బోనాల మర్నాడు రంగం అనే వేడుకలో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెబుతుంది. ఊరు ఊరంతా చెవులు రిక్కించి విని, ‘అమ్మ పలికింది’ అంటుంది. ఉజ్జయిని నుంచి సికింద్రాబాద్‌కు, కొయ్య నుంచి కొత్త మూర్తికి, మూర్తి నుంచి మనిషి నోటికి. మొక్కు మాత్రం అప్పయ్యదే, దాన్ని ఏటా బోనంతో చెల్లిస్తున్నది ఇవాళ్టి జనం.

టెలికాం కంపెనీలకు ఇంత నిష్ఠ ఉందని చెప్పలేం గానీ, చట్టం కొంత నేర్పింది. సేవలు ఆపేసే కంపెనీ చందాదారులకు 30 రోజుల ముందు నోటీసివ్వాలని లైసెన్సు షరతు. నచ్చనివాడు వెళ్ళిపోవడానికి 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు పోర్టబిలిటీ ఉంది. ‘పోర్ట్’ అని, పక్కన నంబరు టైపు చేసి 1900కు పంపి, తిరిగొచ్చిన కోడ్‌ను కొత్త కంపెనీకి ఇవ్వాలి. పోస్ట్‌పెయిడ్ బాకీ ఉంటే మాత్రం కదలనివ్వరు. రుణానుబంధం తెంచుకోకుండా వెళ్ళే వీల్లేదు. బాకీ సంగతి అంత గట్టిగా పట్టుకునే ఈ నియమం జమ సంగతి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. పోర్ట్ అయినవాడి ప్రీపెయిడ్ బ్యాలెన్సు పాత కంపెనీలోనే మురిగిపోతుంది. కంపెనీ తనంత తాను ఇంకో కంపెనీలో కలిస్తే మిగిలిన బ్యాలెన్సు చందాదారు వెంట వస్తుంది. చందాదారు తన ఇష్టంతో కదిలితే రాదు. నాగసేనుడి దగ్గరికి తీసుకెళితే ఈ తగాదాలో ఎవరు గెలుస్తారో మిలిందుడు చెప్పగలడు.

ఇదే కథ తిరగేస్తే మరో చిక్కు ఉంది. చాలాకాలం వాడని నంబరును కంపెనీ ఆపేస్తుంది. కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి, తర్వాత కొత్తవాళ్ళకు కేటాయిస్తుంది. 2023లో సుప్రీంకోర్టు విచారించిన ఒక పిటిషన్ దీని మీదే. పాతవాళ్ళ వాట్సాప్ సమాచారం కొత్తవాళ్ళ చేతికి చిక్కుతుందన్నది అందులోని భయం. పాత చందాదారులే తమ ఖాతా తీసేసుకోవచ్చని చెప్పి కోర్టు జోక్యం చేసుకోలేదు.

టెలినార్ మనిషికి కింద ఉన్నదంతా మారినా అతను అతనే. ఇక్కడ టవరు, కంపెనీ, రిజిస్టరు, పది అంకెలు అన్నీ పాతవే. మారింది మనిషి ఒక్కడే. ఆ నంబరు కొత్తగా తీసుకున్నవాడికి రికవరీ ఏజెంటు ఫోన్ చేసి ఎవరి పేరో పెట్టి పిలిచి, కిస్తీ ఎప్పుడు కడతారని గదమాయిస్తాడు. మామిడిపళ్ళ దొంగ చెప్పిన సాకు ఇతని నోట్లో నిఖార్సయిన నిజం: ఆ అప్పు వేరు, నేను వేరు. దాన్ని విడమర్చి చెప్పేంత ఓపిక ఎవరికుంటుంది? రాంగ్ నంబర్ అండీ అని పెట్టేస్తాడు. అవతలివాడు నంబరు సరిగ్గానే నొక్కాడు.