అపూ ముఖము ఎవరిది?

నటుడు తన ముఖమును కళకు అర్పించును. ఏమి అర్పించుచున్నాడో అతడు ఎరుగును. అందువలన లభించునదేమో, పోవునదేమో కొంతవరకైనను లెక్క కట్టుకొనగలడు. బాలుడు అట్లు లెక్క కట్టుకొనలేడు. అతనికి బదులుగా తల్లిదండ్రులు సమ్మతింతురు. ఒకరి ముఖమును గూర్చి మరియొకరు ఇచ్చిన సమ్మతి ఎంతకాలము చెల్లును? ఆ బాలుడు పెద్దవాడైన పిదప గూడ చెల్లునా? ఈ ప్రశ్నను విచారించుటకు కలకత్తా నగరము మనకొక నిదర్శనమును చూపుచున్నది.

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ చిత్రమునకై అపూ పాత్రకు తగిన బాలుని వెదకుచు పత్రికలో ప్రకటన వేయించెను. అది ఫలింపలేదు. తుదకు ఆయన భార్య విజయ, పొరుగింట ఆడుకొనుచున్న ఒక పిల్లవానిని చూచి భర్తకు తెలిపెను. అతడే సుబీర్ బెనర్జీ. 1952 అక్టోబరులో చిత్రీకరణ మొదలైనది. ధనము లేక మధ్య మధ్య నిలిచిపోవుచు, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము సాయపడగా పూర్తియై, 1955 ఆగస్టు 26న చిత్రము కలకత్తాలో విడుదలైనది. మరుసటి యేడు కాన్ చిత్రోత్సవమున బహుమానము పొందినది. సుబీర్ ఆ తరువాత మరి చిత్రములలో నటింపలేదు.

ఆ బాలుడు పుట్టు నటుడు కాడు. రెల్లుపొదల నడుమ అక్కను వెదకుచు పోవు ఘట్టమున అతని నడక సహజముగా రాలేదు. అప్పుడు రాయ్ అతడు నడచు త్రోవలో పుల్లలు పరపించెను. సహాయకులను పొదల చాటున నిలిపి, ఒకరి తరువాత ఒకరు అతనిని పేరుపెట్టి పిలుచునట్లు చేసెను. బాలుడు అడుగు తడబడుచు, తల అటునిటు త్రిప్పుచు నడచెను. ప్రేక్షకునకు అక్కను వెదకు తమ్ముడు కనబడెను. ఇందు కళ దర్శకునిది, సందేహము లేదు. కాని ఆ తడబాటు ఎవరిది? ఆ చూపు ఎవరిది? అవి నటింపబడినవి కావు, అనుభవింపబడినవి. నటించిన దానిని నటుడు విడిచి పోగలడు. అనుభవించిన దానిని విడుచుట ఎట్లు?

రంగస్థలముపై బాలలు లేకపోలేదు. 1885లో కడప మండలమున పుట్టిన సురభి నాటక సమాజములో పిల్లలు మాటలు నేర్చుకొను వయసుననే రంగమెక్కిరి. అచట నేటి బాలుడు రేపు యువకుని వేషము కట్టును. అతని బాలవేషము తమ్మునికి సంక్రమించును. చూచువారి కన్నుల ముందే అతడు ఎదుగును. చలనచిత్రమునకు ఆ దయ లేదు. ‘అపరాజితో’లో అపూ పాత్ర ఇతర బాలుర చేతికి పోయినది, కాని మొదటి అపూ ముఖము ఎదుగక అట్లే నిలిచినది. ఆ ముఖము వెనుక ఒక మనుష్యుడు ముసలివాడైనాడు.

అందుకు మనము జాలిపడుదుము. “ప్రపంచమంతయు చూచిన బాలుడు మరుగున పడిపోయెను గదా” అందుము. ఈ జాలిని కొంచెము పరీక్షింపవలెను. దుర్గ వేషము వేసిన ఉమా దాస్‌గుప్తా ఉపాధ్యాయినియై జీవించి 2024 నవంబరులో కన్నుమూసెను. 1968 నాటి ‘ఆలివర్’ చిత్రమున నాయకుడైన ఆంగ్ల బాలుడు మార్క్ లెస్టర్ నటన విడిచి, ఎముకలు కీళ్లు సరిచేయు చికిత్స నేర్చి ఆ వృత్తిలో స్థిరపడెను. పాఠము చెప్పుట పతనమా? రోగి నొప్పి తీర్చుట అజ్ఞాతవాసమా? పదిమంది చూచుచున్నప్పుడే బ్రదుకు బ్రదుకని తలచు మన దృష్టిలోనే లోపమున్నది.

ధనము విషయమున శాస్త్రములు కొంత మేలుకొన్నవి. అమెరికాలో జాకీ కూగన్ బాల్యమున ఆర్జించిన దానిలో అధికభాగము పెద్దలే వ్యయపరుపగా, 1939లో కాలిఫోర్నియా శాసనము చేసినది. మన దేశమున 2017 నాటి నిబంధనల ప్రకారము బాలనటుడు దినమునకు 5 గంటలకు మించి పనిచేయరాదు. అతని ఆర్జనలో కనీసము నూటికి 20 వంతులు అతని పేర బ్యాంకులో నిలువ యుంచవలెను. ఇవి మంచివే. కాని శాసనము గంటలను లెక్కించును, రూపాయలను కాపాడును, చూపును లెక్కింపజాలదు.

అట్లని బాలలను కళ నుండి వెలివేయుదమా? మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, బాలుడు లేక నడచునా? అపూ లేని ‘పథేర్ పాంచాలీ’ ఎక్కడిది? బాల్యమును పెద్దలే అభినయించిన నాడు కళ అసత్యమాడును. కావున బాలుని పిలువక తప్పదు. పిలిచినందున ఋణపడకయు తప్పదు.

ఆ ఋణము తీర్చుట దర్శకునికంటె ప్రేక్షకునకే ఎక్కువగా చెల్లును. కౌశిక్ గంగూలీ సుబీర్ జీవితము నాధారముగా ‘అపూర్ పాంచాలీ’ తీసి 2013లో గోవా చిత్రోత్సవమున ఉత్తమ దర్శకుడనిపించుకొనెను. అది ఋణమును గుర్తించుటయే. అయినను ఆ మనుష్యుని తిరిగి తెరవద్దకే పిలిచినది. మనము చేయగలిగినది మరియొకటి యున్నది. అపూను మనసార చూతము; ఆ పేరుతో పిలిచిన పలుకకపోవు స్వాతంత్ర్యమును మాత్రము సుబీరునకు విడుతము.